వైర్‌లెస్‌లో కూర ముచ్చట

పిల్లనిచ్చే ముందు మా మామగారు నా ఉద్యోగమేమిటని అడిగారు. ఏటి ఒడ్డున ఉండి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి చెప్పడం అన్నాను. ఆయన, "గది పసులకాడి పోరగాండ్లు సుత చెప్తరు గదా, దానికి సర్కారు జీతమెందుకిస్తది?" అన్నారు. పిల్లనైతే ఇచ్చారు గాని, ఆ అనుమానం మాత్రం ఆయనకు చివరిదాకా పోలేదు.

రిటైరయిన రోజు దండ వేసి, శాలువా కప్పి, కొత్తగా చేరే పిల్లల కోసం ఏమన్నా రాసిపెట్టమన్నారు. నా ప్రమోషన్ల కథ రాస్తే నాకే నిద్ర వస్తుంది. అందుకని పని గురించి, పని చేసిన మనుషుల గురించి రాస్తాను. చదివేవాళ్లకు ఈ శాఖ తెలియకపోవచ్చు గనుక ముందు అది చెప్పాలి.

వానాకాలం మొదలవగానే గోదావరి, ప్రాణహిత, పెన్‌గంగ ఒడ్ల మీద ఒక్కోచోట ఒక్కో మనిషిని పెట్టేవాళ్లు. వాడికొక రేకుల గది, ఒక వైర్‌లెస్ సెట్టు, దానికో బ్యాటరీ. ఏట్లోకి దిగే మెట్ల పక్కన అంకెలు వేసిన రాయి ఉండేది, దాన్ని గేజీ అనేవాళ్లం. పొద్దున ఎనిమిదింటికి మెట్లు దిగి, నీళ్లు ఏ అంకె దగ్గర ఉన్నాయో చూసి, పైకొచ్చి కరీంనగర్ ఆఫీసుకు వైర్‌లెస్‌లో చెప్పాలి. వరద వస్తే గంటగంటకూ చెప్పాలి. ఆ అంకెను బట్టే కింది ఊళ్లకు కబురు పోయేది. ఆఫీసేమో కరీంనగర్‌లో, పనిచేసేవాడేమో ఎక్కడో అడవిలో. రోజూ పొద్దున మాట తప్ప ఇద్దరికీ మధ్య ఇంకే తాడూ లేదు.

జైనూరు కొండల్లో నేను

నేను చేరింది అరవై తొమ్మిదిలో. ఉట్నూరు నుంచి జీపులో తీసుకుపోయి, జైనూరు అవతల ఒక వాగు ఒడ్డున దించేసి వెళ్లారు. నాకప్పుడు ఇరవై దాటాయి, మూతి మీద మీసం కన్నా ధైర్యమే ఎక్కువ. చుట్టూ ఉన్నవి గోండుల ఊళ్లు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు అంతంతమాత్రం. మంచివాళ్లే, ఇప్పపూలు, జొన్నలు తెచ్చిపెట్టేవాళ్లు, కాని ముచ్చట ముందుకు సాగేది కాదు.

కొన్నాళ్లకు వైర్‌లెస్ సెట్టుకు గుడ్ మార్నింగ్ చెప్పడం మొదలుపెట్టాను. మరికొన్నాళ్లకు అది జవాబు చెప్పలేదని అలిగాను కూడా. నెలకోసారి సామాను తెచ్చే జీపు డ్రైవరు దిగితే చాలు, నేను మాట్లాడటం మొదలుపెట్టి, అతను మళ్లీ జీపెక్కేదాకా ఆపేవాణ్ణి కాదు. చివరికి పాపం, ఇంజన్ బంద్ చేయకుండానే సామాను దించి వెళ్లిపోవడం నేర్చుకున్నాడు.

నవ్వుకోండి, కాని ఇది గుర్తుపెట్టుకోండి. ఒంటరి ఉద్యోగంలో పాముకు మందుంది, చలిజ్వరానికి గోలీలున్నాయి. నోరు కదలకపోవడానికి మాత్రం ఏ డాక్టరూ చీటీ రాయడు. దాని సంగతి శాఖలో ఎవరో ఒకరు చూసుకోవాలి. మా శాఖలో అది చూసుకున్నది మేమే, అదీ తెలియకుండానే.

ఏం కూర?

డెబ్బైల చివరికి నేను కరీంనగర్ ఆఫీసుకు వచ్చాను. పొద్దున ఎనిమిదింటికి సెట్టు ముందు కూర్చొని స్టేషన్లను ఒక్కొక్కటే పిలిచి అంకెలు రాసుకోవడం నా పని. అందరి సెట్లూ ఒకే లైను మీద ఉండేవి. స్విచ్చి నొక్కి ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరికీ వినబడుతుంది. కింద మంథని దగ్గర గోదావరి మీద శంకరయ్య, పైన పెన్‌గంగ ఒడ్డున విఠల్, ప్రాణహిత ఒడ్డున రాజమల్లు. ఇంకా ఉన్నారు గాని ఈ కథకు ఈ ముగ్గురు చాలు.

అంకెలు అయిపోయాక ఎవరూ సెట్టు బంద్ చేసేవాళ్లు కాదు. "ఏం కూర?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నేను వచ్చేసరికే అది మా ఆచారం. శంకరయ్యకు మంథని అంగడి దగ్గర గనుక అన్నీ దొరికేవి, అవన్నీ చెప్పి మిగతావాళ్లను ఉడికించేవాడు. విఠల్ ఆదిలాబాద్‌వాడు, మరాఠీ కలిపి మాట్లాడతాడు, శనగపిండితో చేసే పిట్ల తప్ప లోకంలో ఇంకో కూర లేదని నమ్మినవాడు.

రాజమల్లుది పెద్దపల్లి దగ్గర పల్లె. వండటంలో వాడు వస్తాదు. ప్రాణహిత చేపల పులుసును వాడు చెబుతుంటే కరీంనగర్‌లో కూర్చొన్న నాకు ఆకలయ్యేది. చింతపండు ఎప్పుడు పిసకాలి, మెంతులు ఎన్ని వేయాలి, ముక్క ఎప్పుడు తిప్పకూడదు, అన్నీ చెప్పేవాడు. మధ్యలో విఠల్ దూరి, "భావూ, గింత కష్టమెందుకు, పిట్ల చేసుకోరాదు" అనేవాడు. ఇద్దరికీ రోజూ జగడమే. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడలేదు.

ఇంజనీరు గారి హుకుం

ఆ రోజుల్లో మా పై అధికారి ఇంజనీరు మోహన్‌రావు గారు. ఉన్నమాట చెప్పాలి, నేను చూసిన అధికారుల్లో నిఖార్సయిన మనిషి. సర్కారు జీపులో సొంత సామాను ఎక్కించడు, ఒకరి వస్తువు ముట్టడు, అబద్ధం చెప్పడు. రూల్ ఏమంటే అదే. నవ్వడం రూల్స్‌లో లేదు గనుక దాని జోలికి పోయేవాడు కాదు.

ఒక పొద్దున ఆయన సెట్టు గదిలోకి వచ్చేసరికి విఠల్ పిండి ఎట్లా కలపాలో చెబుతున్నాడు. అదే సమయంలో మంథని దగ్గర నీళ్లు పెరుగుతున్నాయి. శంకరయ్య ఆ అంకె చెబుదామని స్విచ్చి నొక్కుతున్నాడు గాని, విఠల్ పిండి అడ్డం వచ్చి వాడి మాట లోపలికి రావడం లేదు. కబురు కాసేపు ఆలస్యమైంది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఇంజనీరు గారి ముఖం ఎర్రబడింది, అందులో ఆయన తప్పు లేదు.

ఆ రోజే హుకుం వచ్చింది. వైర్‌లెస్‌లో నీటిమట్టం తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. అంకె చెప్పగానే సెట్టు బంద్.

మావాళ్లు ఊరుకునే రకమా? అంకె చెప్పే ముందు సెట్టు సరిగ్గా పలుకుతోందో లేదో చూసుకోవడానికి నాలుగు మాటలు పలకాలని రూల్. ఒకటి రెండు మూడు అనడం అలవాటు. మర్నాడు శంకరయ్య గొంతు సవరించుకొని, "టెస్టింగ్, బీరకాయ, బీరకాయ" అన్నాడు. వెంటనే పెన్‌గంగ నుంచి "టెస్టింగ్, పిట్ల, పిట్ల." ఇంజనీరు గారు నా వెనకే నిలబడి ఉన్నారు. రూల్స్ పుస్తకం తెప్పించి చూశారు. ఏ మాటలు పలకాలో అందులో లేదు. పుస్తకం మూసి వెళ్లిపోయారు. నాకు నవ్వాపుకోవడంలో తల ప్రాణం తోకకొచ్చింది.

రాజమల్లు మాత్రం "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. అంకె చెప్పాడు. సెట్టు బంద్ చేశాడు.

మెచ్చుకోదగ్గ ఉద్యోగి

అప్పటినుంచి రాజమల్లు తీరు అదే. ఎనిమిది కొట్టేసరికి సిద్ధంగా ఉండేవాడు. గొంతులో తడబాటు లేదు, అంకెలో తప్పు లేదు. మిగతావాళ్లు బ్యాటరీ పోయిందనో, కిరోసిన్ అయిపోయిందనో, బిడ్డకు జ్వరమనో ఏదో ఒకటి చెవిలో జోరీగలా అడుగుతూనే ఉండేవాళ్లు. రాజమల్లు సబ్బుబిళ్ల కూడా అడగలేదు. సెలవు మాటే ఎత్తలేదు. ఆఫీసువాళ్లతో మీటింగ్ పెట్టినప్పుడల్లా ఇంజనీరు గారు, "రాజమల్లును చూసి నేర్చుకోండ్రి" అనేవారు.

నాకు మాత్రం ఆ మెప్పు రుచించేది కాదు. జైనూరులో సెట్టు మీద అలిగినవాణ్ణి నేను. ఒంటరిగా ఉన్న మనిషి అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది. లేకపోతే వెతుక్కొనైనా అడుగుతాడు, అడిగితే అవతలివాడు రెండు మాటలు మాట్లాడతాడని. ఏమీ అడగడం లేదంటే ఆ రెండు మాటల మీద కూడా ఆశ పోయిందన్న మాట.

ఇంజనీరు గారితో చెప్పాను. పని బాగా చేస్తున్నవాడి మీద ఫిర్యాదేమిటని ఆయన ఆశ్చర్యపోయారు. ఫిర్యాదు కాదు సార్, బుగులు, వాడేమవుతాడోనన్న భయం అన్నాను. బుగులుకు రూల్ లేదన్నారు. చివరికి బ్యాటరీ మార్చే నెపం పెట్టి నేను వెళ్లొస్తానన్నాను. తానూ వస్తానన్నారాయన. స్టేషన్ అంటే ఎట్లా ఉండాలో నాకు చూపిస్తారట.

ప్రాణహిత ఒడ్డున

జీపు చెన్నూరు దాటి కొంత దూరం పోయి బురదలో కూలబడింది. అక్కణ్ణుంచి నడక. బ్యాటరీ నా భుజం మీద, గొడుగు ఆయన చేతిలో. దారిలో ఒక వాగు నిండుగా పారుతోంది. దాని ఇవతల ఊరు, అవతల ఏటి ఒడ్డున మా రేకుల గది. వానలు పడ్డప్పటినుంచి వాగు దాటి అటు ఎవరూ పోలేదని ఊళ్లోవాళ్లు చెప్పారు. బియ్యం, ఉప్పు, పప్పు ముందే చేరవేశారు గనుక పోవాల్సిన పని కూడా పడలేదు. వాళ్లే మమ్మల్ని తాడు పట్టించి దాటించారు.

స్టేషన్ నిజంగానే అద్దంలా ఉంది. సెట్టు మీద దుమ్ము లేదు. గది ముందు ఊడ్చి ఉంది. కట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఇంజనీరు గారు నావైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది, "చూసినవా?" అన్నట్టు. రాజమల్లు ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకొని వచ్చి నిలబడ్డాడు. వచ్చీ రాగానే నీటిమట్టం చెప్పాడు. ఆ చొక్కాలో ఇంకో మనిషి పట్టేంత చోటుంది.

నేను పొయ్యి దగ్గరికి పోయాను. చల్లగా ఉంది. బూడిదలో చీమలు పుట్ట పెట్టుకున్నాయి. బియ్యం సంచి మూతి కట్టింది కట్టినట్టే ఉంది. అటుకుల సంచి మాత్రం అడుగంటింది.

ఏమయ్యిందని అడిగాను. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. చాలా రోజులుగా అంకెలు తప్ప ఏమీ పలకని నోరది. పక్కన కూర్చొని భుజం మీద చెయ్యి వేశాక, మెల్లగా అన్నాడు.

"ముందు పొద్దుగాల జర ముచ్చట ఉండె అన్నా. దానికోసమన్న ఏదన్న ఒకటి వండుతుంటి. ఏం కూర అంటే చెప్పాలె గదా. ఇప్పుడు ఎవ్వలు అడుగుతలేరు, ఎవ్వల కోసం వండుకోవాలె?"

మరి పానం బాగలేదని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీళ్లెంత అన్నరు, నీళ్లెంతనో చెప్పిన. నువ్వెట్లున్నవని ఎవ్వలడిగిండ్రు?"

వాడి మాటలో కోపం లేదు. అడిగినదానికి లెక్క చెప్పినట్టే చెప్పాడు. తరువాత ఏటివైపు చూస్తూ ఇంకో మాట అన్నాడు. "గేజీ చూడ మెట్లు దిగినంక, మళ్ల పైకి రాబుద్ధి అయితలేదన్నా."

మేము ఇంకో పది రోజులు ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. గుమ్మంలో నిలబడ్డ ఇంజనీరు గారు అంతా విన్నారు. గొడుగు మూయడం మరిచిపోయి అట్లాగే పట్టుకొని ఉన్నారు. కాసేపటికి గొడుగు పక్కన పెట్టి, ప్యాంటు మడిచి, పొయ్యి దగ్గర కూర్చొని, చీమలను పక్కకు ఊడ్చి మంట పెట్టారు. అన్నం ఆయనే వండారు. అడుగంటింది, మీద పలుకు. రాజమల్లు రెండుసార్లు పెట్టించుకొని తిన్నాడు.

నన్ను స్టేషన్‌లో ఉంచి, ఊళ్లోవాళ్లతో జీపును బురదలోంచి లాగించి, ఆయన రాజమల్లును అందులో వాడి ఇంటికి చేర్చారు. సెలవు చీటీ అడగలేదు. మర్నాడు పొద్దున అందరి అంకెలూ అయ్యాక ఆయన గొంతు వినబడింది. నేటినుంచి నీటిమట్టం చెప్పడం పూర్తయిన తరువాత, వరద లేని రోజుల్లో, పావుగంట సేపు సెట్టు పరీక్ష చేయవలెను, ఏ మాటలతోనైనా చేయవచ్చును. హుకుం చదివినట్టే చదివి సెట్టు వదిలేశారు. ఆ పావుగంటలో ఆయన మాత్రం ఎన్నడూ నోరు విప్పేవారు కాదు. నేను ఆఫీసుకు తిరిగొచ్చాక కూడా నా వెనక నిలబడి వినేవారు, అంతే.

లచ్చవ్వ

రాజమల్లు పట్నం డాక్టరు మందులు మింగి, అవ్వ చేతి వంట తిని, వానలు తెరిపిచ్చాక తిరిగి వచ్చాడు. ఈసారి వెంట భార్య లచ్చవ్వను తెచ్చుకున్నాడు. సర్కారు గదిలో పెండ్లాం ఉండవచ్చా అని ఆఫీసులో ఎవరో అన్నారు. ఇంజనీరు గారు పుస్తకం తీయకుండానే, ఉండకూడదని ఎక్కడా లేదన్నారు.

లచ్చవ్వ వచ్చిన వారానికే వైర్‌లెస్ నేర్చింది. రెండో వారానికి విఠల్ పిట్లకు వంకలు పెట్టింది. బతుకమ్మ దగ్గరపడుతుంటే ఒక పొద్దున తనే స్విచ్చి నొక్కి, ఇంజనీరు సారును పిలువుమంది. ఆయన నా పక్కకు వచ్చి వంగి నిలబడ్డారు.

"సారూ, సద్దుల బతుకమ్మకు మేమిద్దరం ఊరికి పోతున్నం. నాలుగొద్దులు ఉండొస్తం. ఈయిన అడుగడు, ఈయినకు అడుగుడు రాదు. నేను సుత అడుగుతలేను, చెప్తున్న. మీరు ఎవ్వలను పెట్టుకుంటరో పెట్టుకోండ్రి."

ఇంజనీరు గారు స్విచ్చి నొక్కి, "సరేనమ్మా" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎక్కువ సేపు పట్టలేదు.

ఏళ్ల తరబడి నేను ఉన్నతాధికారులతో మొత్తుకున్నది ఇదే. మనిషికి మనిషిని బదులు పెట్టుకోకుండా స్టేషన్ తెరవకండి అని. అప్పట్లో మాకు బదులు మనుషులు లేరు. ఉన్న ఒక్కడికీ చలిజ్వరం. నేను వెళ్తానన్నాను. ఇంజనీరు గారు, ఆఫీసు సెట్టు దగ్గర నువ్వుండాలి, సెలవు ఇచ్చింది నేను గనుక నేనే పోతాను అన్నారు. అనడమే కాదు, సంచిలో రెండు చొక్కాలు పెట్టుకొని నిజంగానే వెళ్లారు.

మొదటి రోజు పొద్దున ప్రాణహిత నుంచి ఆయన గొంతు వచ్చింది. ఒకటి, రెండు, మూడు. అంకె. బంద్.

రెండో రోజు కూడా ఒకటి, రెండు, మూడు. అంకె. తరువాత సెట్టు ఆగిన చప్పుడు రాలేదు. లైను మీద గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. శంకరయ్య, విఠల్ కూడా వింటున్నారని నాకు తెలుసు. పెద్ద సారు లైను మీద ఉండగా ముందు ఎవరు మాట్లాడతారు? చాలాసేపటికి ఆయనే అన్నారు.

"ఇంకా ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నం సార్" అన్నాడు విఠల్.

"బంద్ చెయ్యకుండ్రి. ఏమన్న చెప్పుండ్రి. నేను వింట."

ఏం చెప్పమంటారని విఠల్ భయంగా అడిగాడు. ఏదైనా అన్నారాయన. విఠల్ వాళ్ల ఊళ్లో బర్రె ఈనిన సంగతి మొదలుపెట్టాడు. ఎప్పుడు చూలు కట్టింది, ఎవరు చూసుకున్నారు, దూడకు నొసట చుక్క ఎక్కడుంది, అంతా చెప్పాడు. పావుగంట దాటింది. నేను గడియారం వైపు చూడలేదు.

వింటున్నవాడు మా సెట్టులో స్విచ్చి నొక్కాల్సిన పని లేదు. ఇంజనీరు గారు మాత్రం విఠల్ ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిసారీ స్విచ్చి నొక్కి, "ఊఁ" అని, మళ్లీ వదిలారు.